ఈరన్న ఒళ్ళు యాడికి పోయె

పెద్ద ఈరన్నను చూసి నవ్వని మనిషి ఆ ఊళ్ళో లేడు. ఆయన బావి మీద కపిల తోలుతుంటే కుళ్ళుకోని రైతూ లేడు. ఎద్దులు వాలులోకి దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద కూర్చోవాలి గదా, ఆ బరువు సాయంతోనే బావిలోని తోలు బాన పైకి రావాలి. ఈరన్న కూర్చుంటే బాన ఉరికి వచ్చేది. ఎద్దులు ఊరికే ముందు నడిచేవి, తిరునాళ్ళకు పోతున్నట్టు.

ఆ కొండంత ఒళ్ళే చివరికి ఆయన్ను మింగబోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పైగా కడుపులో పుండు. కర్నూలు రాజధాని అయిన ఏడు మద్రాసుకు తీసుకుపోతే, అక్కడి డాక్టరు కడుపులో మూడొంతులు కోసి తీసేసి, బతికినన్నాళ్ళూ పూటకు చేరెడే తినాలని చెప్పి పంపించాడు.

ఈరన్న ఆ మాట జవదాటలేదు. జవదాటితే ఒళ్ళే తన్నేది. ఉగాదినాడు రెండు ఓళిగలు తిన్న పాపానికి చెమటలు పట్టి, గుండె దడదడలాడి, అరుగు మీద చచ్చినంత పనయింది. అందుకే చేరెడు తిని లేచేవాడు, మిగిలింది పెళ్ళాం ఉరుకుందమ్మ చూసుకునేది. రెండేళ్ళకు ఎండుకట్టె అయ్యాడు. ఎన్నాళ్ళకో తన పాదాలు తాను చూసుకున్నాడు! బస్సులో ఒక్క మనిషి చోట్లో పట్టాడు!

"రాజధాని హైదరాబాదుకు పోయె. నీ ఒళ్ళు యాడికి పోయెనప్పా?" అని టీ అంగడి కాడ పక్క చేని కంబన్న అడిగితే ఈరన్న కూడా పగలబడి నవ్వేవాడు.

నవ్వనివి ఎద్దులే. ఈరన్న ఎక్కినట్టు మోకుకే తెలిసేది కాదు. బరువంతా వాటి మెడమీద పడింది. ఐదేళ్ళకు ఎడమపక్క కట్టే దాపటెద్దు అరిగిపోయింది. ఆ వేసవిలో, ఉల్లిగడ్డ ఊరే, నీళ్ళు ఆపకూడని అదునులో, అది వాలు సగం దిగి, వెనక్కి తిరిగి ఈరన్నను ఒక్క చూపు చూసి, పడుకుంది.

ఈరన్న నడుముకు తిరగలి రాయి కట్టుకుని మోకెక్కాడు. అది జారి మోకాలు చితక్కొట్టింది. పంతానికి రెండు సంగటి ముద్దలు మింగాడు. పొద్దుగూకేదాకా వేపచెట్టు కింద కళ్ళు తేలేశాడు.

"సంతకు తోలప్పా దాన్ని," అన్నాడు కంబన్న.

సంతకు పోయిన ముసలెద్దు ఎవరి చేతిలో పడుతుందో ఈరన్నకు తెలియంది కాదు. "నేను బతికినందుకు అది చస్తాండాది గదే," అని పెళ్ళాం దగ్గర బావురుమన్నాడు.

ఉరుకుందమ్మ ఎద్దును లేపి, మేపి, తెల్లారి బావి కాడికి వచ్చి కోక ఎగ్గట్టింది. "జరుగు మామా," అని తనే మోకెక్కి కూర్చుంది.

మోకు కిర్రుమంది. బాన ఉరికి వచ్చింది. దాపటెద్దు చెవులు నిక్కబొడుచుకుని, పాతకాలం తిరిగొచ్చిందనుకుందేమో, తలెత్తి నడిచింది. నీళ్ళు కాలువ నిండా పారాయి.

ఈరన్న నోరు తెరిచాడు. ఐదేళ్ళుగా ఎదురుగా తిరుగుతున్న మనిషిని అప్పుడు చూశాడు. "నువ్వెప్పుడైతివే ఇంత?"

"చేరెడు తిని లేస్తాంటివి. ఎప్పటి మాదిరే వండితి. మొగుడి కంచంలో మిగిలింది ఆలే గదా తినాల? కరువు చూసిన చేతులు మామా, పారబొయ్యవు."

"దొరికెనప్పా నీ ఒళ్ళు!" అని గట్టు మీద నుంచి కంబన్న అరిచాడు. "ఇల్లు దాటి పోలా!"

చుట్టుపక్కల చేలన్నీ నవ్వాయి. ఈరన్నా నవ్వబోయాడు. అంతలో ఉరుకుందమ్మ మోకు దిగి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, నోటితో గాలి పీలుస్తూ గట్టున కూలబడింది. ఆ కూలబడడం ఈరన్నకు బాగా తెలుసు. ఆ ఆయాసం ఒకప్పుడు తనదే. ఆయనకు భయమేసింది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, "రేపట్నుంచి సంగటికి పిండి సగమే వెయ్యి," అన్నాడు.

"నేనూ సన్నబడితే ఎద్దు గతేమి మామా?"

"ఇద్దరం ఎక్కుదాం. ముందు ఈడ కూచో, నాతో తిను."

మొగుడి పక్కన కూర్చుని తినడం ఆమెకు పెళ్ళినాటి తర్వాత అదే మొదలు. సిగ్గుతో పోయి తలుపు మూసొచ్చింది.

మర్నాటి నుంచి మోకు మీద ఇద్దరు: ముందు ఆమె, వెనక ఆయన. ఊరు పడీపడీ నవ్వింది. దాపటెద్దు మాత్రం మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు.