నా చేతికి సరిపోయేది

శనివారం పొద్దున్న నేను మా ఆయన వెండెల్ చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, అతను కాఫీ కలుపుకుంటూ అన్నాడు, "నీకు చిన్న పిస్టల్ చాల్లే. బ్యాగులో పడేసుకోవచ్చు. గులాబీ రంగులో కూడా ఉంటాయట."

అమరిల్లో ఊళ్లో ఇళ్లు చూపించి అమ్మిపెట్టడం నా పని. మొన్న మంగళవారం ఒక ఖాళీ ఇల్లు చూడ్డానికి వచ్చినవాడు నా వెనకే పడగ్గదిలోకి వచ్చి, తలుపు గడియ పెట్టాడు. బయట తోటమాలి గడ్డి కోసే యంత్రం చప్పుడు వినబడేసరికి నవ్వి, "ఊరికే చూశా, గడియ పనిచేస్తుందో లేదోనని" అంటూ వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి చెబితే వెండెల్ మొదట అడిగింది, "వాడితో నవ్వుతూ మాట్లాడావా?" అని. వాళ్లమ్మ ఫోనులో, "అందుకే అమ్మాయ్, ఆ ఉద్యోగం నీకెందుకని మొదటినుంచీ మొత్తుకుంటున్నా" అంది. మా మేనేజరు కర్టిస్ ఇంకోలా ఓదార్చాడు. "భయపడకు లోర్నా. ప్యాంట్లు మాత్రం వేసుకు రాకు. స్కర్టు చూస్తేనే కొనేవాళ్లకి హుషారు." ఆ రోజు నుంచి ఏ గదిలోకి వెళ్లినా నా చూపు ముందు గడియ మీదే పడుతోంది. ఇంట్లో కూడా.

తుపాకుల దుకాణంలో గల్లా వెనక తెల్లజుట్టావిడ నిలబడి ఉంది. పేరు ఇర్మా. వెండెల్ నా బదులు మాట్లాడుతూ అరచేతిలో ఇమిడే పిస్టల్ ఒకటి తీయించాడు. ఖాళీగా ఉందని ఇర్మా చూపించాక చేతికి తీసుకున్నాను. తూటా ఎక్కించేటప్పుడు లాగే పై భాగాన్ని వెనక్కి లాగబోతే కదల్లేదు. వెండెల్ పకపకా నవ్వాడు. "చూశారా? ఊరగాయ సీసా మూతక్కూడా నన్నే పిలుస్తుంది."

ఇర్మా నవ్వలేదు. "చిన్నవాటి స్ప్రింగు గట్టిగా ఉంటుంది. పేలితే చేతిని ఎక్కువ తన్నేవీ అవే. ఇది పట్టుకో తల్లీ," అని కాస్త పెద్దది ఇచ్చింది. మూడు వేళ్లూ పిడి మీద నిండుగా కూర్చున్నాయి. లాగాను, వచ్చింది. పెళ్లయిన ఈ పద్నాలుగేళ్లుగా నా సామానంతా, నా కారుతో సహా, నన్ను కొలవకుండానే వెండెల్ ఎంచాడు. నా చేయి ఎంతుందో ఒకరు చూడ్డం ఇదే మొదలు.

"బ్యాగులో పెట్టుకుంటుంది" అన్నాడు వెండెల్.

"దొంగ ముందు లాక్కునేది బ్యాగునే. ట్రిగ్గరు పూర్తిగా కప్పే గట్టి ఒర ఉండాలి. దాన్ని మోసే బెల్టు ఉండాలి. అన్నిటికంటే ముందు కాల్చడం నేర్పే క్లాసులో చేరాలి."

"బెల్టంటే ప్యాంటు వేసుకోవాలి" అన్నాను. "వేసుకుంటాను."

చివరికి ఇర్మా, పిస్టల్ ఇంట్లో దాచడానికి నంబరు తాళం ఉన్న ఉక్కు పెట్టె తెచ్చింది. వెండెల్ నా భుజం మీదుగా వంగాడు. "నంబరు మన పెళ్లిరోజు తేదీ పెట్టెయ్. నాకూ గుర్తుంటుంది."

ఇర్మా నావైపే చూసింది. "దీన్ని ఎవరు తెరవకూడదో ఆలోచించుకుని పెట్టుకో."

ఆలోచించాను. పోయిన చలికాలంలో తాగొచ్చి వెండెల్ తన్ని విరగ్గొట్టిన బాత్రూం తలుపు, అవతల ఒళ్లు ముడుచుకుని కూర్చున్న నేను. ఆ వారమే ఆదివారం కొత్త తలుపు బిగిస్తూ, "మరలు పట్టుకోవే, ఊరికే నిలబడతావేం" అన్నాడు. పట్టుకున్నాను. పైగా థాంక్స్ చెప్పాను.

పెట్టెను నావైపు తిప్పుకుని నంబరు నొక్కాను.

"ఎంత పెట్టావ్?"

"చెప్పను."

సర్దుబాటు నవ్వొకటి పెదాల దాకా వచ్చింది. బయటికి రానివ్వలేదు. ఇర్మాను అడిగాను, "దీన్ని గోడకు బిగించాలంటే మరలు దింపాలి కదా. అద్దె ఇంట్లో ఒప్పుకుంటారా?"

"అద్దె ఇల్లేంటే? మనది సొంతిల్లు కదా!" అన్నాడు వెండెల్.

"నీది," అన్నాను.