అమావాస్య నాడు ఆగిన బట్టీ

సిద్దిపేట నుంచి కొండపాక పోయే తోవలో రమాకాంత్ షెడ్డు ఉంది. అక్కడ ట్రాక్టర్ నాగళ్లకు కర్రులు చేస్తారు. ఎర్రగా కాలిన ఇనుమును అచ్చులో పెట్టి సుత్తి మిషన్‌తో కొడతారు. అచ్చు మామూలు ఇనుముదైతే రెండు రోజులు ఆగదు. అందుకే వేడిని ఓర్చుకునే ఖరీదైన స్టీలు తెప్పించారు. దాన్ని కాల్చి గట్టిపరిచే పని ప్రసూనది.

దానికి రెండు బట్టీలు కావాలి. మొదటి దాంట్లో వెయ్యి డిగ్రీలు దాటించి నూనెలో ముంచాలి. అప్పుడది గాజులాంటిది. గట్టిదే, కానీ పెళుసు. చెయ్యి ఆనించగలిగేంత వేడి మిగిలి ఉండగానే రెండో బట్టీలో తక్కువ వేడి మీద పెట్టి దాని బిగువు దించాలి. ఆలస్యమైతే దానంతటదే పగులుతుంది. ఇది రహస్యమేం కాదు. ప్రసూన ఎన్నోసార్లు చెప్పింది. రమాకాంత్ తలూపాడు. తలూపడానికేం పోయింది?

ఆ రోజు అచ్చును నూనెలోంచి తీశాక ఆయన అడ్డం వచ్చాడు. కొత్తగా కొన్న రెండో బట్టీని అమావాస్య నాడు మొదలుపెట్టొద్దన్నాడు.

"గది కరెంటు బట్టీ సార్, స్విచ్ ఒత్తుడే," అంది ప్రసూన. "పొద్దుగాల నుంచి మీ నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతలేదా?"

"ఫ్యాన్ పాతది," అన్నాడాయన.

మొదటిదైన పాత బట్టీ అంత తక్కువ వేడికి దిగాలంటే తెల్లారుతుంది. మిషన్ నడిపే ఎల్లయ్య గ్యాస్ మంటతో కాపుదామన్నాడు. పైన కాలుతుంది, లోపల కాలదని ప్రసూన కసిరింది. అచ్చు మీద గోనెసంచి కప్పింది. ఆయన్ను బతిమాలింది, తర్వాత తిట్టింది. రెండింటికీ కదల్లేదు. సాయంత్రం చాయ్ తాగుతుంటే సంచి కింద టంగుమని మోగింది. అచ్చు ఈ మూల నుంచి ఆ మూలకు చీలింది.

రమాకాంత్ అమావాస్యను ఒక్క మాట అనలేదు. ప్రసూనకే పని చేతకాదన్నాడు. అచ్చుకు ఇంకో స్టీలు ముక్క వస్తోంది, అదీ పగిలితే రేపట్నుంచి రావద్దన్నాడు.

ముక్క మంగళవారం దిగింది. ప్రసూన పాత బట్టీ ముందే కూర్చుంది గానీ దాన్ని ముట్టలేదు. ఆలస్యమెందుకని ఆయన గద్దించాడు.

"ముందుగాల కొత్త బట్టీ ఒత్తుండ్రి. గది వేడెక్కినంకనే గిది ముడ్త."

"ఇయ్యాల మంగళారం."

"అయితే నాకు గూడ మంగళారమే సార్," అని ప్రసూన చేతి తొడుగులు తీసి పక్కన పెట్టింది. అచ్చు లేక ఖాళీగా ఉన్న ఎల్లయ్య వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

రమాకాంత్ ఫోన్‌లో క్యాలెండర్ కిందికీ మీదికీ జరిపాడు. బయట కర్రుల కోసం వచ్చిన ట్రాలీ హారన్ కొట్టింది. చివరికి ఆయనే పోయి, కళ్లు మూసుకుని కొత్త బట్టీ స్విచ్ ఒత్తాడు.

ఇంకా కూర్చున్నావేందని అరిచాడు.

ప్రసూన లేవలేదు.

"వేడెక్కనియ్యుండ్రి," అంది.