పెట్టె వెనక హంతకుడు

రంగులమ్మేవాడు రంగు తాగి చూడడు, సినిమాలమ్మేవాడు సినిమా చూసి కూర్చోడు. షావుకారు నమ్మిన మొదటి సూత్రం ఇది. రెండోది, డబ్బాలో ఏముందో డబ్బా మీద రాసి తీరాలి. ఇరవై ఏళ్లు గోడల రంగులు అమ్మిన మనిషాయన. ఎంత నీళ్లు కలపాలి, ఎన్ని గంటలకు ఆరుతుంది, వానకు నిలుస్తుందా నిలవదా, అన్నీ పైనే ఉండాలి. లేకపోతే కొన్నవాడు తెల్లారేసరికి గోడను పెకలించుకుని మరీ కొట్టు ముందుకొస్తాడు.

ఆ కొట్టు అమ్మేసి డీవీడీల వ్యాపారంలో దిగాడు. తొలి సరుకుగా ఒక కోర్టు థ్రిల్లర్ హోమ్ వీడియో హక్కులు కొన్నాడు. హాళ్లలో అది వారం ఆడింది. రెండో వారం ఆడలేదంటే సరుకు పాడైందని కాదు, చౌకగా వస్తుందని అర్థం. డీవీడీ పెట్టె ముందువైపు బొమ్మ దర్శకుడే పంపాడు. చీకటి కోర్టు, బోనులో అమ్మాయి, నెత్తి మీద ఎర్ర అక్షరాలు. వెనకవైపు రాయాల్సిన నాలుగు ముక్కలు మాత్రం మీరే చూసుకోండని షావుకారుకు వదిలేశాడు. అదే కొంప ముంచింది.

షావుకారు బావమరిది వకీలు. ఒంటి మీద నల్లకోటుంది గాని వెంట కక్షిదారు లేడు. అందుకే ఆ సినిమా రెండుసార్లు చూసే తీరిక చిక్కింది. కథ చెప్పమంటే కాఫీ చల్లారేదాకా మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. షావుకారు పొల్లుపోకుండా రాసుకుని అచ్చుకిచ్చాడు. ఐదు వేల పెట్టెల వెనక ఆఖరి వాక్యాలు ఇలా పడ్డాయి: “చివరకు హంతకుడు ఆ కోర్టులో కేసులు పిలిచే గుమాస్తాయే అని తేలును. నిడివి రెండు గంటల పది నిమిషములు. పాటలు లేవు.”

పాటలు లేవని కూడా ఒప్పుకున్నందుకు తన నిజాయితీకి తానే మురిసిపోయాడు.

విడుదలకు వారం ముందు ఒక పెట్టె దర్శకుడి చేతికి అందింది. దాన్ని పట్టుకుని డీవీడీల కొట్టుకొచ్చి, కుర్చీ వేసినా కూర్చోలేదు. ఆ గుమాస్తాను దాచడానికి మూడేళ్లు పట్టిందన్నాడు. నటులకు ఆఖరి పేజీ చింపి ఇచ్చాడట. గుమాస్తా వేషం వేసినవాడికే తాను హంతకుణ్నని చివరిరోజు దాకా తెలీదట. షావుకారు అంతా ఓపిగ్గా విన్నాడు.

“దోషం దాచి అమ్మితే తప్పు గాని బాబూ, ఉన్నది ఉన్నట్టు రాస్తే తప్పేంటి?”

దర్శకుడు పెట్టెను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మూడో రోజున కోర్టు కాగితం వచ్చింది. పెట్టెలన్నీ నాశనం చేయాలని కోరాడు, తీర్పు దాకా ఒక్కటీ అమ్మకూడదట. రంగుల కొట్టు ఎటూ పోయింది. ఇవీ పోతే షావుకారుకు మిగిలేది షట్టరు తాళంచెవి ఒక్కటే.

“మా తమ్ముణ్ని కథ చెప్పమన్నారు, చెప్పాడు. అచ్చేయించమన్నాడా?” అంది భార్య. ఆ ఊపులోనే కేసు కూడా తమ్ముడికే ఇమ్మంది, ఫీజు అడగడని. అడిగితే ఇచ్చేదెవడని షావుకారు మనసులోనే అనుకున్నాడు.

హాలు ఏనాడూ నిండని సినిమాకు కోర్టు నిండింది. వెనక బల్లల మీద పత్రికలవాళ్లు ఇరుక్కుని కూర్చున్నారు. జడ్జిగారు ముందే ఒక మాట చెప్పారు: తన ఇంట్లోవాళ్లు ఈ సినిమా కోసం ఎదురు చూస్తున్నారు, ఎవరూ ఇక్కడ ముగింపు బయటపెట్టడానికి వీల్లేదు, పెట్టెను తాను తిప్పి చూడనని. పెట్టెను బొమ్మ పైకి ఉండేట్టు బల్ల మీద పెట్టారు. కేసు పిలిచిన గుమాస్తా మాత్రం దాని వెనక వైపు పొద్దున్నే చదివినట్టున్నాడు, ఎవరి మొహమూ చూడడం లేదు.

దర్శకుడు బోనెక్కి ప్రమాణం చేశాడు. బావమరిది జీవితంలో మొదటిసారి కోటు గుండీ పెట్టుకుని లేచాడు.

“పేరు చెప్పొద్దండి. పెట్టె వెనక రాసిన మనిషేనా హంతకుడు? అవునో కాదో చెప్పండి, చాలు.”

దర్శకుడు వెనక బల్లల వైపు చూశాడు. కలాలన్నీ లేచి ఉన్నాయి. అవునంటే మూడేళ్ల గుట్టు తన నోటితోనే రేపటి పత్రికలకెక్కుతుంది. కాదంటే కేసుకు కాళ్లుండవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“కాదు,” అన్నాడు.

“ప్రమాణం చేశారు, గుర్తుందిగా?”

“కాదన్నాను కదండీ.”

పెట్టె మీద ఉన్నది వేరేవాడి పేరైతే మీ గుట్టు బయటపడిందెక్కడ, నష్టపోయిందేమిటని జడ్జిగారు కేసు కొట్టేశారు. ఓడిన దర్శకుడు తలెత్తుకుని నడిచాడు. గెలిచిన షావుకారు తల గోక్కుంటూ మెట్లు దిగాడు.

“ఏరా, గుమాస్తా కాదా మరి?”

“గుమాస్తాయే బావా. రెండుసార్లు చూశాగా.”

సరుకు పరువు కోసం సరుకునే కాదనే వ్యాపారిని రంగుల్లో తానెన్నడూ చూడలేదనుకున్నాడు షావుకారు.

మర్నాడు పత్రికలన్నీ ఒకటే ప్రశ్న వేశాయి: పెట్టె మీద ఉన్నవాడు కాకపోతే హంతకుడెవరు? జనం ఎగబడ్డారు. నాలుగు రోజుల్లో ఐదు వేల పెట్టెలూ అయిపోయి, షావుకారు మళ్లీ అచ్చుకిచ్చాడు. వెనక ఒక్క అక్షరం మార్చలేదు.

ఐదో రోజున కొట్టు తెరవగానే కోర్టు గుమాస్తా వచ్చాడు. దర్శకుడు కాదన్న క్షణాన ఆ గదిలో అందరికంటే సంతోషించింది ఆయనేనట. తమ ఉద్యోగానికి మచ్చ తొలగిందని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి సినిమా వేశాడట. చివర్లో పిల్లలు తనవైపు చూసిన చూపు చెబుతూ పెట్టెను బల్ల మీద పెట్టాడు.

“డబ్బు వెనక్కివ్వండి. పైన ఏం రాశారో లోపలా అదే ఉంది.”

ఇరవై ఏళ్లలో అలాంటి ఫిర్యాదు షావుకారు వినలేదు. పెట్టెను తిప్పి, ఆఖరి వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు.

“మా కొట్లో ఎప్పుడూ అంతేనండి. పాటలు కూడా ఉండవు, చూసుకున్నారా?”