పేజీ అడుగున చీమతలంత ఆధారం

మా ఆయనకు ఒక జబ్బుంది. తనకు కనబడనిది లోకంలోనే లేదంటారు, ఫ్రిజ్‌లో పెరుగుతో సహా. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి చెప్పి అది ముదిరింది.

నేను దూరవిద్యలో ఎం.ఏ. చదువుతున్నాను. మధ్యయుగాల యూరప్‌లో రొట్టెలు కాల్చే భట్టీల దగ్గర ఆడవాళ్లు చేసిన పని మీద ప్రాజెక్టు. ఆ కాలపు ఆధారం ఒక్కటైనా సాయంత్రంలోగా చూపకపోతే అంశం కొట్టేస్తానని మా గైడు రాశారు.

"మార్చెయ్. ఆ రాతప్రతులు అక్కడెక్కడో తాళాల వెనక ఉంటాయి. వంటింట్లోంచి చూస్తావా?" అన్నారీయన.

"వంటింట్లోంచే చూస్తాను. వెలుతురు బాగుంటుంది."

"అయినా భట్టీ మగవాళ్ల పని. నా పుస్తకంలో రాశాగా!"

"రాశావు సరే, చూశావట్రా?" అన్నారు బఠాణీలు ఒలుస్తున్న మా అత్తగారు.

లాప్‌టాప్ పొయ్యి పక్కన పెట్టాను. గ్రంథాలయాల సైట్లలో 'రొట్టె' అని ఇంగ్లీషులో కొడితే వంటల పుస్తకాలొచ్చాయి. తీరా చూస్తే, పాత రాతప్రతుల్ని వెతకాల్సింది పేరుతో కాదట. ఏ గ్రంథాలయం సేకరణలోది, అందులో ఎన్నో అంకె అన్న గుర్తుతోనట. వెంటనే ఈయన పుస్తకం తెరిచాను. భట్టీల సంగతి చెప్పిన పేజీ అడుగున, చీమతలంత అక్షరాల్లో, అలాంటి గుర్తే ఉంది.

"అది ఇంకొకాయన పుస్తకంలోంచి ఎత్తి రాశాను. మర్యాదకి వేస్తారంతే," అన్నారు.

"నేనూ మర్యాదగానే వెతుకుతాను."

గుర్తును ఉన్నదున్నట్టు కొట్టాను. రాతప్రతి మొత్తం తెరుచుకుంది, మూలల్లో వేళ్ల మరకలతో సహా. గుర్తు చివర ఇచ్చిన పేజీకి వెళ్తే, ఎడమ అంచున, భట్టీ బొమ్మ. దాని ముందు గౌను చేతులు పైకి మడుచుకున్న ఓ స్త్రీ, పొడవాటి కర్రపారతో రొట్టెను లోపలికి తోస్తోంది. వెనక మగాడు పిండిమూట మోస్తున్నాడు.

ఈయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "గడ్డం లేని మగాడేమో."

"తలకి ముసుగూ, ఒంటికి గౌనూ వేసుకుని?" అన్నారు అత్తగారు.

బొమ్మ లింకు గైడుకు పంపాను. బఠాణీలు ఉడికేలోగా జవాబొచ్చింది: "అంశం ఖాయం. కానీ ఇదే ఆధారంతో అచ్చయిన పుస్తకం వేరేలా చెబుతోందే?"

తెర ఈయన వైపు తిప్పాను. "ఏం రాయమంటారు? మీ పేరు వెయ్యనా?"

"వెయ్యి. అడుగునే వెయ్యి. చిన్న అక్షరాల్లో." కాసేపు బొమ్మనే చూసి గొణిగారు, "తప్పు రాశానని..."

"వినబళ్లేదు!" అన్నారు అత్తగారు.

"తప్పు రాశానమ్మా! చూడకుండా రాశాను!"