ఇత్తడి చీల

"ఆ మబ్బు చూడవే లొరీనా, నాకేదో భయంగా ఉంది. తీగ తప్పించెయ్యి," అంది తల్లి హుల్డా, ఇంకా ఒక్క ఉరుమైనా ఉరమకముందే.

లొరీనా నవ్వింది. కాన్సాస్ మైదానంలో ఆ చిన్న స్టేషనుకి టెలిగ్రాఫు మనిషి ఆమే. "మబ్బు పట్టినప్పుడల్లా తప్పిస్తే వేసవంతా నాకు సెలవేనమ్మా," అంది.

ఉరుములు దగ్గరపడ్డాయి. గోడ పలకలో ఇత్తడి చీల చోటు మారిస్తే తీగకీ బల్ల మీది యంత్రానికీ సంబంధం తెగిపోతుంది. పిడుగు భయం ఉండదు. ఆ కాసేపు రైళ్ల కబుర్లూ రావు. పక్క స్టేషనులో ఎవరివో వేళ్లు కాలిపోయిన సంగతి హుల్డా మళ్లీ ఎత్తుకుంది. తండ్రి లేని పిల్లవి, నువ్వూ పోతే నేనేమైపోవాలంది. చివరికి మోచెయ్యి పట్టుకుని ఏడ్చింది. లొరీనా విసిగిపోయి చీల మార్చేసింది. టకటకలాడే యంత్రం మూగబోయింది. హుల్డా ప్రాణం కుదుటపడి కాఫీ పెట్టింది.

అప్పుడే తూర్పు నుంచి గూడ్సు వచ్చింది. ఆపమన్న ఆర్డరేదీ అందలేదు గనుక లొరీనా దారిచ్చింది. ఆ ఇంజనులో బొగ్గువేసే ఎమెట్, యాపిల్ కోతలయ్యాక ఆమెను పెళ్లాడబోయేవాడు, వానలో టోపీ ఊపుతూ పోయాడు. హుల్డా కూడా చెయ్యి ఊపింది.

వాన వెలిశాక చీల తిరిగి పెట్టగానే యంత్రం తన స్టేషను పేరే పిలుస్తోంది. గూడ్సును అక్కడే ఆపాలి, అదే లైను మీద ఎదురుగా పాసింజరు వస్తోంది. లొరీనా కిటికీలోంచి పట్టాలకేసి చూస్తూ నిలబడిపోయింది.

ఎమెట్‌ను పాతిపెట్టాక విచారణ జరిగింది. తీగ ఎందుకు తప్పించావని అధికారులు అడిగితే, పిడుగుకు జడిసి నేనే తప్పించానంది లొరీనా. వెనక బెంచీ మీద హుల్డా లేవబోయి మళ్లీ కూర్చుండిపోయింది.

ఉద్యోగం పోయింది. లొరీనా నోరు మూతపడింది. హుల్డా కూతురి గది తలుపుకి చెవి ఆనించి కూర్చునేది, ఊపిరి వినిపించకపోతే లోపలికి పరుగెత్తేది. తిట్టమంది, కొట్టమంది. యాపిల్ కోతలు అయిపోయాయి, మంచు పడింది.

ఒక పొద్దున బూడిద ఎత్తుతూ, "నా పేరెందుకు చెప్పలేదే?" అంది హుల్డా, పొయ్యినే అడుగుతున్నట్టు.

లొరీనా శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎమెట్ వాళ్లమ్మ దగ్గరికి వెళ్తున్నా," అంది. గొంతు గీరుకుపోయింది. "తీగ ఎందుకు తప్పించావని ఆవిడ కబురు మీద కబురు పెడుతోంది. ఆవిడ ముందు అబద్ధమాడటం నావల్ల కాదు. నువ్వొచ్చి చెప్పమ్మా."