నాలుగో నంబరు మూలుగు

అక్టోబరు ఇరవై ఒకటి, సోమవారం. ఆ పొద్దున అరటి ఆకులో చుట్టి ఉడికించిన జిగురన్నం తిన్నాను, మధ్యలో తియ్యటి అరటిపండు ముక్క. వానాకాలం మూడు నెలలూ బువలై ఆత్మశాంతి కోసం బౌద్ధ భిక్షువుగా గడిపి, కాషాయం విడిచి మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళిన రోజది. బువలై నా భార్య. మా ఉబోన్ పట్నంలోని జ్వరాల పరిశోధన ల్యాబ్‌లోనే పనిచేసేది. జూన్‌లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది.

గేటు దగ్గరే సైఫిన్ ఎదురైంది. నలభై ఏళ్ళ ల్యాబ్ అసిస్టెంటు, బువలై దగ్గర పని నేర్చుకున్న మనిషి. ల్యాబ్‌లో అందరిలాగే నన్ను పెదనాన్నా అంటుంది.

"గుండుతో పాటు గొరిగిన కనుబొమలైనా మొలవకముందే వచ్చేశారేం పెదనాన్నా? ఒలిచిన కోడిగుడ్డులా ఉన్నారు."

"ఒలిచిన గుడ్డుకి ఆకలెక్కువ. మధ్యాహ్నం కూర కాస్త ఎక్కువ తెచ్చావా?"

నవ్వబోయి ఆగిపోయింది. "నాలుగో నంబరు దగ్గరికి మాత్రం వెళ్ళకండి."

ల్యాబ్‌లోని ఆరు ఫ్రీజర్లనూ చూసుకునేది నేను. వెళ్ళకుండా ఎలా?

నాలుగో నంబరులో పద్నాలుగేళ్ళుగా దాచిన రక్తం ఉంది. వరి మళ్ళలో దిగి ఎలుక జ్వరం తెచ్చుకున్న రైతుల రక్తం. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. చిన్న చిన్న గొట్టాల మీద ఊరూ పేరూ బువలై గుండ్రటి చేతిరాతలో ఉంటాయి. మైనస్ ఎనభైలో ఉండాల్సింది మైనస్ అరవై మూడు చూపిస్తోంది. పక్కన గోడ మీద నోటీసు: రోజుకు పదహారు యూనిట్ల కరెంటు వాడేది ఇరవై ఏడు వాడుతోంది గనక శుక్రవారం సాయంత్రం ఆపివేయబడును.

"ఆపేస్తే ఇదంతా ఎక్కడ పెట్టను పెదనాన్నా?" అంది డాక్టర్ రుంగ్‌తివా. ఆ రక్తం ఊరూరా తిరిగి సేకరించింది ఆవిడే. "మిగతా ఐదూ కిక్కిరిసి ఉన్నాయి. బతిమాలితే డైరెక్టరుగారు ఒక్క మాటన్నారు. శుక్రవారానికి మైనస్ డెబ్బైకి దిగి, కరెంటు తగ్గితే ఉంచుతారట."

మధ్యాహ్నం ఎండ ముదిరాక అది మూలిగింది. సన్నగా మొదలై, పైకి లేచి, తెగిపోయి, మళ్ళీ మొదలయ్యేది. సైఫిన్ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"విన్నారా? ఆస్పత్రిలో చివరి వారం బువలై పెద్దమ్మ గొంతు ఇదే. మీరు గుడికి వెళ్ళిన దగ్గర్నించీ పిలుస్తోంది. అందుకే రోజూ దండ వేస్తున్నాను."

ఫ్రీజరు అడుగున గాలి పీల్చే జల్లెడ తలుపుంటుంది. దాని నిండా మల్లెదండలు, వాడిన వాటి మీద తాజావి. కింద ఆత్మకి నైవేద్యంగా స్ట్రా వేసిన ఎర్ర సోడా సీసా. ఫ్రీజరు పక్క రేకు మీద చెయ్యి పెట్టాను. జ్వరం వచ్చిన ఒంటిలా కాలిపోతోంది.

"దండలు తియ్యకండి పెదనాన్నా, కోప్పడుతుంది!"

"ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా మీద రెండుసార్లు కోప్పడింది. రెండుసార్లూ తప్పు నాదే. వెళ్ళి ఒక బకెట్ నీళ్ళు పట్టుకురా."

ఆమె వెళ్ళాక జల్లెడ తెరిచాను. లోపల ఫిల్టరు కనిపించలేదు. మూడు నెలల పూరేకులు ఫ్యాను లాగిన గాలికి వచ్చి అతుక్కుని, గోధుమరంగు దుప్పటిలా గడ్డకట్టాయి. దాని వెనక దారాలు, మొదట మూలుగు తెప్పించిన దుమ్ము. నెలకోసారి కడగాలని నేను రాసి అంటించిన చీటీ దండల కింద మరుగున పడింది. ఎవరికీ నోటితో చెప్పి వెళ్ళలేదు, అది నా తప్పు. దానికి ఊపిరాడలేదు, అంతే. ఆ మాట సైఫిన్‌తో అనగలనా? పూరేకులన్నీ పాత పేపర్లో చుట్టి నా సంచీలో పెట్టేశాను.

"ఏముంది లోపల?" అంది బకెట్ దించుతూ.

"దుమ్ము. ఇదిగో చూడు, దండ ఇకనుంచి పైన అలమరలో పెట్టు. మీ పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా, అంత కిందికి వంగలేదు."

సైఫిన్ అలమర వైపు చూసింది. "నిజమే," అంది. "నాకు తట్టనే లేదు."

ఫిల్టరు కడిగాం, తలుపు రబ్బరు మీద పేరుకున్న మంచు తీశాం, వెనక ఇనుప రేకుల మధ్య బ్రష్షుతో శుభ్రం చేశాం. మంగళవారం మైనస్ అరవై ఆరు. గురువారం అరవై తొమ్మిది. శుక్రవారం మధ్యాహ్నం డెబ్బై, కరెంటు పద్దెనిమిది యూనిట్లు. మూలుగు లేదు. డైరెక్టరుగారు తానే వచ్చి నోటీసు చింపేశారు. సైఫిన్ అందరికీ ఎర్ర సోడా పోసింది.

వాళ్ళ నవ్వుల మధ్య నాకు ఇంకొకటి వినిపించింది. మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాను. అడుగున కంప్రెసర్‌లో టక్, టక్, మధ్యలో ఒకటి తప్పిపోయి, మళ్ళీ టక్. మూడు నెలల వేడికి లోపల ఏదో అరిగిపోయింది. కడిగితే పోయే చప్పుడు కాదది.

"డాక్టరమ్మా, సగం గొట్టాలైనా రెండో నంబరులోకి మార్చేద్దాం. ఇవాళే."

"రెండో నంబరు నిండా పేర్లు లేని పాత గొట్టాలే. ఎవరివో తేల్చకుండా పారేయలేం కదా. సోమవారం అందరినీ పిలిచి ఖాళీ చేయిద్దాం. రెండు రోజులే కదా పెదనాన్నా!" ఆవిడ మొహంలో వారంగా లేని నిద్ర ఆ పూటే వస్తోంది.

జూన్‌లో బువలైకి ఆస్పత్రిలో డాక్టరు కూడా సోమవారం చూద్దాం అనే అన్నాడు.

అందరూ వెళ్ళిపోయారు. వాచ్‌మన్‌కి నా ఫోను నంబరు మళ్ళీ రాసిచ్చాను. అలమరలో సైఫిన్ పెట్టిన దండ ఇంకా తాజాగా ఉంది. మైనస్ డెబ్బై. టక్, టక్. దీపం ఆర్పి, నిద్రపోతున్న రోగి గది తలుపు వేసినట్టు, గడియ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాను.