నాణెంలో పడుకున్న రాజుగారు

మా మలక్ పుట్టి నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో అది గట్టిగా గంట నిద్రపోలేదు, నన్ను పోనివ్వలేదు. అమ్మ దగ్గరైనా కాసేపు కునుకు తీద్దామని మా పేట ఇంబాబాలో మైక్రోబస్సు ఎక్కి, వెనక సీట్లో కూర్చున్నాను. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఇరవై పౌండ్ల నోటు ముందుకు పంపాను. చిల్లర చేతులు మారుతూ వెనక్కి బయల్దేరి, మధ్యలో ఆగిపోయింది.

"నా చిల్లర మింగేశారా ఏంటి?" అన్నాను.

మధ్య సీట్లో మా వీధిలోని రిటైరైన లెక్కల మాస్టారు వజీహ్ ఒక నాణేన్ని కళ్లజోడుకి ఆనించి చూస్తున్నాడు. "అమ్మాయ్, ఇందులో రాజుగారు కళ్లు మూసుకున్నాడు."

అందరూ జేబులు తడుముకున్నారు. వాళ్ల నాణేల మీద ఆ పాతకాలపు ఫరో రాజు ఎప్పట్లాగే కళ్లు విప్పార్చుకుని చూస్తున్నాడు. నాదాంట్లోనే పడుకున్నాడు.

"అచ్చు తప్పయ్యుంటుంది," అన్నాడు డ్రైవర్ షహాతా.

"తప్పైతే నా కళ్లద్దాలెందుకు మసకబారాయోయ్? రాజుగారు ఊపిరి పీల్చి వదులుతున్నాడు."

షహాతా బండి ఆపి, వెనక్కి వచ్చి, నాణేన్ని చెవికి ఆనించుకున్నాడు. వెంటనే గొంతు తగ్గించేశాడు. "గురక కూడా ఉంది. మూడు వేల ఏళ్లుగా రెప్ప వెయ్యని మనిషి, పాపం. ఎవరూ మాట్లాడకండి."

రేడియో కట్టేశాడు. హారన్ ముట్టుకోలేదు, అడ్డొచ్చినవాళ్లకి కిటికీలోంచి దణ్ణాలు పెట్టుకుంటూ బండి నడిపాడు. తుమ్మబోయిన ఒకాయన ముక్కు మాస్టారే పట్టుకున్నాడు. నాణెం చేతిరుమాల్లో ఊరేగుతూ నా దగ్గరికి చేరింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నా పిల్ల పడుకోవాలి, కాస్త గోల తగ్గించండని వీధి వీధంతా బతిమాలుకున్నాను. ఒక్కడు విన్నాడా? ఈ బిళ్ల కోసం నోళ్లు కుట్టేసుకున్నారు," అన్నాను. మెల్లగానే అన్నాను. రాజుగారు లేస్తేనో.

అప్పుడు చూశాను. మలక్ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోడానికి కూడా చెయ్యి కదపలేదు.

ఆఖరి స్టాపు అతబా వచ్చింది. తలుపు తీయగానే బజారు హోరంతా లోపలికొచ్చింది. జనం మునివేళ్ల మీద దిగిపోయారు. దిగబోతూ రుమాలు విప్పి చూద్దును కదా, రాజుగారు ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నాడు.

గబుక్కున బొటనవేలితో ఆ కన్ను మూసి, మళ్లీ సీట్లో కూలబడ్డాను. తలుపు వేసెయ్యమని షహాతాకి సైగ చేశాను.

"ఇంకొక్క ట్రిప్పు పడుకో, నాయనా," అన్నాను రాజుగారితో. "నేనింకా పడుకోలేదు."